‘ఎవరు కొట్టారు సార్?’: మన పిల్లలు దేన్ని హింస అంటున్నారు, దేన్ని అనడం లేదు



మీ ఇంట్లోనో, మీ ఊరి ఆశ్రమ పాఠశాలలోనో ఎనిమిదో తరగతి చదివే పిల్లాడు ఒకడు ఉంటాడు కదా. వాణ్ని ఒకసారి అడిగి చూడండి: "హింస అంటే ఏందిరా?" గాంధీ పాఠం గుర్తుంటే అహింసకు వ్యతిరేక పదం అంటాడు. గుర్తు లేకపోతే నవ్వుతాడు. ఎందుకంటే వాళ్ల మాటల్లో హింస అంటే జోకు. సారు పాఠం సాగదీస్తే "ఏం హింసరా బాబూ". సినిమా బాగా లేకపోతే "రెండున్నర గంటలు చిత్రహింస". చెల్లెలు పెన్ను అడిగితే "హింస పెట్టకు, పో". తెలుగులో ఆ మాట అట్లా అరిగిపోయింది.

అదే పిల్లాడు పొద్దున స్టడీ అవర్లో తిన్న దెబ్బలకు మాత్రం ఆ మాట వాడడు. వాటికి వేరే పేర్లున్నాయి. బుద్ధి చెప్పడం. భయం పెట్టడం. దారిలో పెట్టడం. రెండు తగిలించడం. నాన్న అమ్మను కొడితే దాని పేరు గొడవ. సీనియర్లు అర్ధరాత్రి లేపి బట్టలు ఉతికిస్తే మర్యాద నేర్పడం. అమ్మాయి వద్దన్నా వెంటపడితే లైనేయడం. సంతలో దుకాణపాయన "ఏయ్ కోయోడా, ఇటు రా" అంటే దానికి పేరే లేదు, మామూలే. ఈ పేర్లేవీ పిల్లలు కనిపెట్టినవి కావు. పెద్దవాళ్ల నోట్లోంచి విని పట్టుకున్నవి.

నమ్మకం కుదరకపోతే ఇంకో పని చేయండి. 13, 14 ఏళ్ల పిల్లల్ని ఒక పదిమందిని కూర్చోబెట్టి చిన్న కథ చెప్పండి. "ఒకడు ఇంకొకణ్ని కట్టెతో కొట్టిండు. తప్పా, కాదా?" వాళ్లు జవాబు చెప్పరు. "ఎవరు కొట్టారు సార్?" అని అడుగుతారు. హాస్టల్ పిల్లలతో మాట్లాడిన చోటల్లా నాకు ఎదురైన ప్రశ్న ఇదే. ఫారెస్టోళ్లు కొట్టారంటే తప్పు, గట్టిగా అరిచి మరీ చెప్తారు. సేఠు కొట్టాడంటే తప్పు. సారు కొట్టాడంటే "వాడేం చేసిండు?" అని ఎదురు ప్రశ్న. అన్న కొట్టాడంటే "అన్న కదా". నాన్న కొట్టాడంటే ఎవరూ మాట్లాడరు. మొగుడు పెళ్లాన్ని కొట్టాడంటే అబ్బాయిల్లో ఒకడు నవ్వుతాడు, అమ్మాయిలు నేల చూస్తారు.

దెబ్బ అదే, కట్టె అదే. కొట్టినవాడి ముఖాన్ని బట్టి మన పిల్లలు దాన్ని తూకం వేస్తున్నారు. ఈ తరాజు వాళ్ల చేతికి ఇచ్చింది మనమే. మనం అంటే ఇల్లు, బడి మాత్రమే కాదు, ఉద్యమం కూడా. బయటివాళ్లు మన మీద చేసిన హింసకు మన దగ్గర తేదీలున్నాయి, స్తూపాలున్నాయి, పాటలున్నాయి. మన గోడల లోపల జరిగేదానికి పేరు కూడా పెట్టలేదు. నేను మాట్లాడదలచుకున్నది దీని గురించే.

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. ఎదిగే పిల్లలకు న్యాయం తెలియదని అనుకోవడం పెద్దవాళ్ల భ్రమ. పదేళ్ల పిల్లాడు "ముందు ఎవరు మొదలుపెట్టారు?" అని అడుగుతాడు. 12, 13 వచ్చేసరికి "కావాలని చేసిండా, తగిలిందా?" అని అడుగుతాడు. 15, 16 ఏళ్లకు ప్రశ్న మారుతుంది: "కొట్టినోడికి ఏమైంది?" ఆ వయసు పిల్లలు చట్టం పుస్తకాలు చదవరు. ఎవడు తప్పించుకున్నాడో చూస్తారు. వాళ్లు చదివే చట్టం అదే.

వాకపల్లి సంగతే తీసుకోండి. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని ఆ ఊళ్లో, గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆడవాళ్లు బయటికొచ్చి చెప్పారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి వచ్చింది. 2023 ఏప్రిల్ 6న విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న పోలీసులను నిర్దోషులుగా విడుదల చేసింది. దర్యాప్తు సరిగ్గా చేయలేదని అదే కోర్టు తప్పుపట్టింది, ఆ ఆడవాళ్లకు పరిహారం ఇమ్మని కూడా చెప్పింది. లెక్క వేయండి. 2007లో ఆ కొండల మీద పుట్టిన పిల్ల తీర్పు రోజుకు 15, 16 ఏళ్లది. పుట్టినప్పటి నుంచి తన చుట్టూ ఉన్న ఆడవాళ్లు కోర్టుకు తిరగడం చూస్తూ పెరిగిన పిల్ల. "కొట్టినోడికి ఏమైంది" అని అడిగే వయసుకు సరిగ్గా ఆ జవాబు వచ్చింది. రేపు తన మీద చెయ్యి పడితే ఆ పిల్ల నోరు తెరుస్తుందా? ఎందుకు చెప్పలేదమ్మా అని మనం ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం?

పేరు పెట్టడంలో ఎంత బలం ఉందో మనకు తెలియనిది కాదు. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి సంత రోజు. గిరిజన రైతుకూలీ సంఘం సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాలు చెప్పిన లెక్క 60కి పైనే. ఏళ్ల తరబడి ఆ రోజు స్తూపం దగ్గరికి పోవాలంటే ఆంక్షలు, పోలీసు పహరా. అయినా ఆదిలాబాద్ గూడేల్లో పిల్లలకు ఆ తేదీ తెలుసు. బడి పుస్తకం చెప్పలేదు, ముసలివాళ్లు చెప్పారు. చచ్చిపోయినవాళ్లను లెక్కలోంచి తీసేసినా మాటలోంచి తీసేయలేకపోయారు. మాట దొరికితే పిల్లలు దాన్ని పోగొట్టుకోరు, 40 ఏళ్లయినా మోస్తారు. మరి మిగతావాటికి మాట ఎందుకు ఇవ్వడం లేదు?

ఈ తరాజు ఎట్లా వంగిపోతుందో రెండు వీడియోలతో చెప్తాను. 2019 జూన్ చివర్లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్లిన ఒక మహిళా అటవీ అధికారిని, ఒక ప్రజాప్రతినిధి వెంట వచ్చిన గుంపు కర్రలతో కొట్టింది. ఆమె ట్రాక్టర్ మీద నిలబడి ఉంది, కింద నుంచి కర్రలు లేస్తున్నాయి. అందరూ చూశారు. 2022 జూలైలో మంచిర్యాల జిల్లా కోయపోచగూడలో పోడు భూమిలో గుడిసెలు వేసుకున్న ఆదివాసీ ఆడవాళ్లను అటవీ, పోలీసు సిబ్బంది ఈడ్చుకెళ్లారు. ఒంటి మీద బట్ట నిలవని స్థితిలో ఈడ్చారు. అదీ అందరూ చూశారు. ఈ రెండు వీడియోలూ మీ గ్రూపులోకి వచ్చినప్పుడు వాటి కింద ఏం రాశారో ఒకసారి వెనక్కి వెళ్లి చూసుకోండి.

రెండూ ఒకటే అనడం లేదు. రాజ్యం చేతిలోని లాఠీకీ గుంపు చేతిలోని కర్రకూ బరువు తేడా ఉంది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా మన సాగు భూముల్లో కందకాలు తవ్వి, మొక్కలు నాటి, మన మీదే కేసులు పెట్టడం అన్యాయం. ఆ మాట ఎన్నిసార్లయినా అంటాను. కానీ 14 ఏళ్ల పిల్లాడు ఫోన్లో చూసి నేర్చుకునేది రాజ్యాంగ సూత్రం కాదు. మొదటి వీడియోకు ఈల, రెండోదానికి కన్నీళ్లు అయితే వాడికి అర్థమయ్యేది ఇంతే: ఆడమనిషిని కర్రతో కొట్టొచ్చు, ఆమె ఎవరన్నది చూసుకోవాలి. రేపు వాడి పెళ్లాం మీద చెయ్యి లేచే రోజు కూడా ఆ పాఠమే గుర్తొస్తుంది.

ఇక హాస్టల్ లోపలికి వద్దాం. అసలు సరుకంతా అక్కడే ఉంది. మన పిల్లల్లో చాలామంది బాల్యం ఇంట్లో కంటే ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో ఎక్కువ గడుస్తుంది. అయిదారేళ్లకే వదిలిపెట్టి వస్తాం. గోండి, కోయ, కువి, కొలామి మాట్లాడే పసిపిల్ల ముందు తెలుగులో ప్రశ్న పడుతుంది. జవాబు రాకపోతే ‘మొద్దు’ అన్న పేరు, దానితో పాటు ఒక దెబ్బ. తన భాషలో పక్క పిల్లతో గుసగుసలాడితే ఇంకో దెబ్బ. తన భాష మాట్లాడడమే తప్పు అని ఆ పిల్లకు ఎవరూ పాఠంగా చెప్పరు, దెబ్బతోనే తెలిసిపోతుంది. పదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల సంతలో అమ్మతో తెలుగులోనే మాట్లాడుతుంది. అమ్మకు రాకపోయినా.

దెబ్బకు దెయ్యం హడలుతుందని సామెత ఒకటి. మనవాళ్లు కూడా పిల్లల్ని దించేటప్పుడు "కొట్టండి సార్, చదువు రావాలి" అని చెప్పి వస్తారు. తండ్రి స్వయంగా రాసిచ్చిన అనుమతి పత్రం అది. ఆ మాట పక్కనే నిలబడ్డ పిల్లాడి చెవిన పడుతుంది. తర్వాత వీపు మీద వాతలు తేలినా వాడు ఇంటికి ఎందుకు చెప్పడు అంటే, ఇందుకే చెప్పడు.

అయితే సార్ల కంటే ఎక్కువ కొట్టేది సీనియర్లు. దీని గురించి ఎవరూ రాయరు. ఆరో తరగతిలో చేరినవాడి నీళ్ల బకెట్, సబ్బు, ఆదివారం కోడికూర ముక్క, అన్నీ పెద్ద తరగతివాళ్లవే. ఇవ్వకపోతే రాత్రి దుప్పటి కప్పి కొడతారు, ఎవరు కొట్టారో కనపడకుండా. ఆరో తరగతిలో వాడు ఏడుస్తాడు. అది తప్పు అని వాడికి ఆ రోజు స్పష్టంగా తెలుసు. ఎనిమిదిలో అలవాటైపోతుంది. పదిలో వాడే దుప్పటి పట్టుకుంటాడు. అడిగితే "మేమూ పడ్డాం కదా" అంటాడు. నాలుగేళ్లలో వాడి కళ్ల ముందే తప్పు కాస్తా పద్ధతి అయిపోయింది. హింస మీద పిల్లల అవగాహన వయసుతో పాటు పెరుగుతుందని అనుకుంటాం. చాలా హాస్టళ్లలో అది వెనక్కి నడుస్తుంది. ఆరో తరగతి పిల్లాడికి ఉన్న చూపు పదో తరగతివాడికి ఉండదు.

ఇందులో ఇంకో ముడి కూడా ఉంది. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక దంతెవాడ, బీజాపూర్, సుకుమా వైపు నుంచి ఊళ్లకు ఊళ్లు గోదావరి దాటి ఇటు వచ్చాయి. ములుగు, భద్రాద్రి అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. జుడుంలో ప్రత్యేక పోలీసులుగా ఆదివాసీ యువకులకు తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉండిపోయారు. ఇక్కడే పుట్టిన వాళ్ల పిల్లలు ఇప్పుడు హైస్కూలు వయసులో ఉన్నారు. గుడిసె కూలడం చూశారు, కుల ధ్రువీకరణ పత్రం లేదని సీటు పోవడం చూశారు. ఆ పిల్లాడు హాస్టల్‌కు వస్తే వాణ్ని "గుత్తికోయోడు" అని ఏడిపించేది ఎవరు? బయటి కులాల పిల్లలు తర్వాత. ముందు మన కోయ పిల్లలే. సంతలో ‘కోయోడా’ అని పిలిస్తే మండే పిల్లలు, అదే నిప్పు ఇంకో పిల్లాడి మీద పోస్తున్నారు. వాళ్లకు అది ఆటపట్టించడం.

అమ్మాయిల విషయం వేరుగా చెప్పాలి. వాళ్లకు హింస ఏదో తెలియక కాదు, తెలిసినా చెప్తే ఏమవుతుందో ఇంకా బాగా తెలుసు. ఒక అబ్బాయి ఫోటో తీసి గ్రూపులో పెడతానని బెదిరించాడని అమ్మాయి ఇంట్లో చెప్పిందనుకోండి. మొదట ఆగేది అబ్బాయి ఫోన్ కాదు, అమ్మాయి చదువు. రెండో నెలలో సంబంధం చూస్తారు. కాబట్టి 15 ఏళ్ల అమ్మాయి లెక్క వేసుకుంటుంది: బెదిరింపు భరిస్తే బడి ఉంటుంది, చెప్తే పెళ్లి అవుతుంది. ఆ లెక్కలో తప్పేమీ లేదు. తప్పు లెక్క అట్లా కట్టిన మనదే.

అబ్బాయిలకు ఇంకో గోల. 2022లో ‘ఆర్ఆర్ఆర్’ వచ్చాక మన పిల్లల ఫోన్లలో కొమురం భీం అంటే ఆ సినిమా భీమే. కొరడా దెబ్బలు పడుతున్నా మోకాలు వంచని మనిషి. సినిమా కల్పన, భీం ఎప్పుడూ అల్లూరిని కలవలేదు, ఆ సంగతి పక్కన పెడదాం. జోడేఘాట్‌లో 1940లో ప్రాణమిచ్చిన మనిషి భూమి కోసం, అడవి కోసం కొట్లాడాడు. దెబ్బలు ఓర్చుకునే పోటీలో గెలవడానికి కాదు. కానీ తెర మీద కొరడా సీను చూసిన హాస్టల్ పిల్లాడికి దొరికే పాఠం ఏంటి? దెబ్బ తిని ఏడవనివాడు మగాడు, ఏడ్చినవాడు, ఫిర్యాదు చేసినవాడు పిరికోడు. రాత్రి దుప్పటి కింద దెబ్బలు తిన్నవాడు పొద్దున నవ్వుతూ తిరగడానికి భీం పేరు వాడుకోవలసి రావడం కంటే అవమానం ఆ మహానుభావుడికి ఏముంటుంది?

కొట్టినవాడి ముఖం చూసి తూచడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కొట్టినవాడు కనపడకపోతే అసలు తూకమే వేయరు. పాడేరు కొండల్లో నిండు గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే ఫోటోలు ఏటా చూస్తున్నాం. దారిలోనే ప్రాణం పోతే పిల్లలు ఏమంటారు? "రాసిపెట్టి ఉంది". హాస్టల్లో జ్వరంతో ఉన్న పిల్లను "నాటకాలు" అని రెండు రోజులు అట్లాగే పడుకోబెట్టి, మూడో రోజు ఆటోలో పంపితే "అదృష్టం బాగాలేదు". 1969లోనే యోహాన్ గాల్టుంగ్ అనే నార్వే పండితుడు దీనికి ‘వ్యవస్థ చేసే హింస’ అన్న అర్థంలో పేరు పెట్టాడు. ఆపగలిగిన చావును ఆపకపోవడం కూడా హింసే అని ఆయన వాదన. పెద్ద సిద్ధాంతమేమీ అక్కర్లేదు, రోడ్డు ఎందుకు లేదు, నర్సు ఎందుకు రాలేదు అని పిల్లలతో పైకి లెక్క కట్టిస్తే చాలు, ‘రాసిపెట్టింది’ ఎవరో వాళ్లే చెప్తారు.

ఇక్కడ చట్టం సంగతి రెండు ముక్కలు చెప్పాలి, ఎందుకంటే మన యువకులకు అట్రాసిటీ చట్టం ఒక్కటే బాగా తెలుసు. 1989 నాటి ఆ చట్టం కూడా ‘ఎవరు కొట్టారు’ అనే అడుగుతుంది. ఎస్సీ, ఎస్టీ కానివాళ్లు చేస్తేనే అది వర్తిస్తుంది. అది సరైనదే, ఆ చట్టం పుట్టింది అందుకే. కానీ కొట్టింది మనవాడైతే చట్టం లేదని చాలామంది అనుకుంటున్నారు. ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకా. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ 18 ఏళ్లలోపు వాళ్లందరికీ వర్తిస్తుంది, పిల్లల్ని చూసుకోవలసిన మనిషే క్రూరంగా చూస్తే జైలు శిక్ష ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం లైంగిక నేరం సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పి తీరాలి. తన కింద పనిచేసేవాడు చేశాడని తెలిసి దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు. పిల్ల వాంగ్మూలం పిల్ల ఇంటి దగ్గరో, కోరుకున్న చోటో తీసుకోవాలి, యూనిఫాం వేసుకుని రాకూడదు, రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు. ఇందులో ఎక్కడా కొట్టినవాడి కులం, తెగ ప్రస్తావన లేదు. 1098కి ఫోన్ చేయొచ్చని ప్రతి హాస్టల్ గోడ మీదా రాసి ఉంటుంది. సిగ్నల్ ఉన్న చెట్టు ఎక్కడుందో మాత్రం రాయరు.

ఇప్పుడు మన పెద్దలు, మన సంఘాల నాయకులు అనే మాట నాకు తెలుసు. "ఇంటి గుట్టు లంకకు చేటు. ఇవన్నీ బయట పెడితే వాళ్లకే లాభం. ఆదివాసీలు తాగుబోతులు, కొట్టుకునేవాళ్లు అని ఇప్పటికే అంటున్నారు." ఈ భయం ఉత్తుత్తిది కాదు. బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల బిడ్డ పుట్టుకతోనే నేరస్థుల జాబితా తెగ మనిషి. స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అట్లా పుట్టాయి. 1952లో చట్టం పోయినా ఆ పేరు ఇప్పటికీ వదల్లేదు. ఒక జాతి మొత్తం మీద హింస ముద్ర వేస్తే ఎన్ని తరాలు మోయాలో మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

అయినా ఆ వాదన ఒప్పుకోను. మౌనంగా ఉన్నందుకు ఆ ముద్ర చెరిగిందా? లేదు. పైగా ఆ మౌనం ఖరీదు కట్టేది నాయకులు కాదు, పిల్లలు. ఇంకొకటి కూడా ఆలోచించండి. ఇంట్లో, హాస్టల్లో జరిగినదాన్ని ‘అన్యాయం’ అని అనడం చేతగాని పిల్ల, రేపు ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర తనకు జరిగినదాన్ని కోర్టులో నిలబడి చెప్పగలదా? నోరు పెగలడం ఒక్కచోట నేర్చుకుంటేనే ఇంకోచోట వస్తుంది. 2007లో ఆ 11 మంది వాకపల్లి ఆడవాళ్లు మాట్లాడినప్పుడు వాళ్లకూ ఊరి పరువు గురించిన భయం ఉండే ఉంటుంది. అయినా మాట్లాడారు. మనం వాళ్లను గౌరవించేది అందుకే కదా.

మన పంచాయతీల గురించి కూడా కొంచెం కఠినంగానే మాట్లాడాలి. ఆదిలాబాద్‌లో రాయ్ సెంటర్లు ఉన్నాయి, సార్‌మేడీలు, పటేళ్లు ఉన్నారు. పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కకుండా మన తగాదాలు మనమే తీర్చుకునే ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. భూమి, పెళ్లి, పశువుల తగాదాల్లో అవి ఎంతోమందిని కోర్టు ఖర్చుల నుంచి కాపాడాయి. కానీ మైనర్ పిల్ల మీద జరిగిన నేరానికి ఏ కుల పంచాయతీ అయినా జరిమానా వేసి, లేదా చేసినవాడికే ఇచ్చి పెళ్లి చేసి ముగించడాన్ని సంప్రదాయం అనలేం. పోక్సో కేసులో రాజీ చెల్లదు. పెసా చట్టం ఇచ్చిన అధికారం ఇందుకు ఇచ్చింది కాదు. అసలు ఆ కూర్చున్న గుంపులో ఆ పిల్ల వయసు వాళ్లు ఒక్కరైనా ఉంటారా? పిల్ల గురించి మాట్లాడతారు, పిల్లతో మాట్లాడరు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది డిగ్రీ, పీజీ చదువుతున్నారు, వలంటీర్లుగా హాస్టళ్లకు వెళ్తున్నారు. అక్కడికి వెళ్లినప్పుడు ‘హింస’ అన్న తెలుగు మాటతో మొదలుపెట్టకండి. అది జోకు అయిపోయిందని మొదట్లోనే చెప్పాను. గోండిలో, కోయలో, కువిలో, ఆదివాసీ ఒడియాలో ‘నొప్పి పెట్టాడు’, ‘సిగ్గు తీశాడు’, ‘భయపెట్టాడు’ అనడానికి ఏమంటారో పిల్లల్నే అడగండి. ఒక్కో భాషలో ఒక్కో తేడా దొరుకుతుంది, ఆ తేడాల మీద వాళ్లు గంటసేపు వాదించుకుంటారు. కొట్టింది ఎవరో చెప్పకుండా కథ చెప్పండి. అంతా విన్నాక చివర్లో పేరు చెప్పండి. తీర్పు మార్చుకుంటారా, ఎందుకు మార్చుకుంటారు, వాళ్లనే చెప్పనివ్వండి. మీరు నీతులు చెప్పకండి, వాళ్లకు ఇప్పటికే చాలామంది చెప్తున్నారు.

ఎవరైనా పిల్ల నోరు తెరిచి చెప్తే ఫోన్ తీసి రికార్డు చేయకండి. ఈ మాట ప్రత్యేకంగా మన గ్రూపుల గురించే అంటున్నాను. ఏడుస్తున్న మైనర్ పిల్ల ముఖం, ఊరు పేరు, హాస్టల్ పేరు పెట్టి ‘న్యాయం చేయాలి’ అని పోస్టు పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. లైంగిక నేరాల్లో అది చట్టరీత్యా నేరం. చట్టం సంగతి అటుంచి, ఆ పిల్ల రేపు అదే బడికి పోవాలి. లైకులు వందల్లో వస్తాయి, ఆ పిల్ల బడి మానేస్తుంది. చెప్పినదాన్ని రాసుకోండి, తేదీ వేయండి, పిల్ల నమ్మే ఒక పెద్ద మనిషిని వెంట తీసుకుని ఐటీడీఏ పీవోకో, బాలల సంక్షేమ కమిటీకో ఇవ్వండి. లైంగిక నేరమైతే పోలీసులకు చెప్పి తీరాలి. పట్టించుకోకపోతే అప్పుడు సంఘం తరఫున ధర్నా చేద్దాం, పిల్ల ఫోటో లేకుండా.

ఆగస్టు 9 వస్తోంది. ప్రతి మండలంలో జెండాలు, ర్యాలీలు, గుస్సాడీ, కొమ్ము డాన్సు, ఆ తర్వాత నాయకుల ఉపన్యాసాలు. పిల్లల్ని ఉదయం ఏడింటికే యూనిఫాంలో తెచ్చి ఎండలో నిలబెడతాం, చప్పట్లు కొట్టడానికి. ఈసారి ఒక గంట మైకు వాళ్లకు ఇవ్వమని మీ మండల కమిటీని అడగండి. వేదిక మీద పెద్దవాళ్లు, సార్లు, వార్డెన్లు, ఎమ్మెల్యేలు ఎవరూ ఉండకూడదు. పిల్లలు ముందుగా రాసి డబ్బాలో వేసిన చీటీలను, పేర్లు లేకుండా, వాళ్లలోనే ఒకరు చదవాలి. మనం కింద కూర్చుని వినాలి, మధ్యలో జవాబు చెప్పకూడదు. మా మండలంలో ఈ గంటను భోజనాలకు ముందు పెట్టమని అడిగాం. భోజనాల తర్వాత చూద్దాం అన్నారు, అంటే జనం వెళ్లిపోయాక. ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం.